ఫ్లైవీలు సందులో పెళ్ళిచూపులు

పోయిన నెల మా ఇంట్లో నీళ్ళ మోటారు మొరాయిస్తే ఒక కుర్రాడిని పిలిపించాను. ఆ మోటారు మెట్ల కింద, గోడకీ సంపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఆ అబ్బాయి వంగి చూశాడు, బోర్లా పడుకుని చూశాడు, సెల్‌ఫోను లైటు వేసి ఫోటో తీసి ఎవరికో పంపించాడు. చివరికి మోకాళ్ళు దులుపుకుంటూ లేచి, "బోల్టు రంధ్రంలో మర పోయింది మేడమ్. సందులో చెయ్యి పట్టదు. మొత్తం మార్చేయాల్సిందే" అన్నాడు. నాకు నవ్వాగలేదు. పాపం, తనని చూసి నవ్వుతున్నాననుకుని ముఖం మాడ్చుకున్నాడు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, "నీ మీద కాదు నాయనా, చిన్నప్పుడు మా ఇంట్లో చెయ్యి పట్టదు అనే మాట ఎవరి నోట్లోంచి వచ్చినా మా మేనత్త ఊరుకునేది కాదు" అని చెప్పి, రూతత్త పెళ్ళిచూపుల సంగతి ఎత్తుకున్నాను. కాఫీ చల్లారిపోయినా ఆ అబ్బాయి కదల్లేదు. అతనికి తొందర తొందరగా చెప్పాను. ఇక్కడ నాకు తొందరేమీ లేదు.

మాది తోటపల్లి గూడూరు దగ్గర ఒక పల్లె. సముద్రం కనబడదు కానీ రాత్రిళ్ళు గాలి తిరిగితే వినబడుతుంది. మా నాయన దానియేలు ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. అప్పుడప్పుడే పొలాల్లో దొరువులనే నీటిగుంటల మీదికి, బావుల మీదికి ఇంజన్లు వస్తున్న కాలం. రైతుకి ఎద్దు జబ్బు చేస్తే ఏం చెయ్యాలో తెలుసు, ఇంజన్‌కి జబ్బు చేస్తే తెలియదు కాబట్టి ఎద్దుకి చేసినవన్నీ దీనికీ చేసి, ఆఖర్న బండిమీద వేసుకుని మా ఇంటికి తెచ్చేవాళ్ళు. మా ఇల్లు రెండు గదులు, ఇంటి ముందు రేకుల షెడ్డు మాత్రం ఇంటికి రెట్టింపు. పొద్దున్నే లేస్తే కిరసనాయిలు వాసన, మధ్యాహ్నం చేపల పులుసు వాసన, సాయంత్రానికి రెండూ కలిసిన మూడో వాసన. మా అమ్మ కాన్పులో పోయిందని నన్ను పెంచింది నాయన వాళ్ళమ్మ, మా జేజి. జేజి కంటే ఎక్కువగా పెంచింది నాయన చెల్లెలు రూతత్త. అన్నం తినిపించే చేతికి ఎప్పుడూ కొంచెం గ్రీజు ఉండేది. ఇప్పటికీ నాకు పప్పన్నం ఉత్తదే తింటే ఏదో తక్కువైనట్టుంటుంది.

ఇంజన్లకి వచ్చే జబ్బుల్లో సగం మర జబ్బులే, అంటే బోల్టుని పట్టుకునే మెలికల గాడి అరిగిపోవడమే. బోల్టు వదులైతే రైతు చేతికందిన ఇంకో బోల్టు తెచ్చి, అది పట్టకపోతే సుత్తితో పట్టించేవాడు. దాంతో రంధ్రం లోపలి మరంతా నుగ్గయ్యేది. అప్పుడు దానికంటే ఒక సైజు పెద్ద మర కొత్తగా కొయ్యాలి. అలా కోసే ఉక్కు పనిముట్టుని ట్యాపు అంటారు. చూడటానికి బోల్టులాగే ఉంటుంది, ఒళ్ళంతా పళ్ళు. దాని తల నలుచదరం. ఆ తలకి రెండు పక్కలా చేతులున్న హ్యాండిలు తగిలించి తిప్పాలి. ఊరికే తిప్పకూడదు. ముందుకి సగం చుట్టు, వెనక్కి పావు చుట్టు, మళ్ళీ ముందుకి సగం. వెనక్కి తిప్పినప్పుడు ఇనప పొట్టు తెగి రాలుతుంది. అలా చెయ్యకుండా ఆత్రంగా ముందుకే పోతే ట్యాపు టిక్కుమని లోపలే విరుగుతుంది. విరిగిన ట్యాపు రంధ్రంలోంచి రాదు, దాన్ని తొలిచే ఇనుమూ లేదు. మా నాయనకి ట్యాపు విరిగిన రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు, కోడి కూడా వంటింట్లోకి వచ్చేది కాదు.

తిప్పేటప్పుడు చుక్క చుక్కగా ఆముదం పొయ్యాలి. మా ఇంట్లో ఒక్కటే ఆముదం సీసా. జేజి తలకి రాసుకునేది అదే, నా కడుపు శుభ్రం చెయ్యడానికి పట్టించేదీ అదే, ట్యాపుకి పోసేదీ అదే. షెడ్డులోంచి నాయన "ఆముదం!" అని కేకేస్తే నేను ముందు పెరట్లోకి పరిగెత్తి దాక్కునేదాన్ని, ఎవరికోసమో తేలేదాకా.

అసలు చిక్కంతా ఇరుకు సందుల్లో వచ్చేది. హ్యాండిలు మూరెడు పొడుగు. ఇంజన్లో మర పోయే చోటు ఎప్పుడూ జానెడు సందులోనే. ఎందుకంటే చెయ్యి పట్టే చోట బోల్టుని రైతు చూసుకుంటాడు, చెయ్యి పట్టని చోట దేవుడి మీద వదిలేస్తాడు. నాయన ఆ సందులకోసం రకరకాలు తయారుచేశాడు. హ్యాండిలుకి ఒక చెయ్యి కోసేసి ఒంటిచెయ్యి హ్యాండిలు చేశాడు. అది ట్యాపుని ఒక పక్కకి లాగేసి మరని వంకరగా కోసేది. తర్వాత గొట్టానికి చివర నలుచదరం సాగగొట్టి, పొడుగ్గొట్టం అని పేరుపెట్టి, దూరంనుంచి తిప్పాలని చూశాడు. అది రంధ్రంలో తప్ప అన్నిచోట్లా దూరేది. ఒకసారి నాయన గడ్డం కింద దూరింది. పైగా మా నాయన చేతులు చేటలంత. ఆ చేతుల్లో పనితనం ఉంది, కానీ అది సందు బయటే ఆగిపోయేది. షెడ్డులో నాయన ప్రార్థనలు ఎక్కువగా ఈ విషయమ్మీదే సాగేవి.

రూతత్త చెయ్యి సన్నం. వేళ్ళు పొడుగు. ఆమె చిన్నప్పటినుంచీ షెడ్డులోనే తిరిగింది, ఎవరూ నేర్పలేదు, ఎవరూ వద్దనలేదు, జేజి తప్ప. జేజి వద్దన్నది మాత్రం రోజూ వద్దన్నది. ఒక ఆదివారం గుడినుంచి వచ్చాక జేజి స్టూలెక్కి గోడగడియారానికి కీ ఇస్తోంది. మా తాత ఎక్కడో కొనుక్కొచ్చిన ఆ గడియారానికి వారానికొకసారి కీ ఇవ్వాలి, అది జేజి ఒక్కతే ఇవ్వాలి. గుడి గంట కొట్టేవాడు కూడా మా వసారాలోకి తొంగిచూసి టైము చూసుకునే గంట కొట్టేవాడు కాబట్టి, ఊరంతటికీ పొద్దు తిప్పేది తానే అని జేజి నమ్మకం. రూతత్త కింద నిలబడి, స్టూలు పట్టుకుని, జేజి చేతిలో కీ వైపు అదేపనిగా చూసింది. ఇత్తడి కీ. సీతాకోకచిలక రెక్కల్లా రెండు చిన్న రెక్కలు, చివర గొట్టం, గొట్టంలో నలుచదరపు బొక్క. చూస్తూ చూస్తూ స్టూలు వదిలేసింది. జేజి కింద పడలేదు కానీ పడినంత పనయింది.

ఆ సాయంత్రం ఆ కీ ట్యాపు తలకి తొడిగి చూశారు. పుట్టినప్పటినుంచీ దానికోసమే ఎదురుచూస్తున్నట్టు సరిపోయింది. రెక్కలు రెండువేళ్ళ మధ్య పట్టుకుని తిప్పితే చాలు, మోచెయ్యి కదిలించే పనిలేదు, గుప్పెడు చోటుంటే చాలు. ఇంకో సుగుణం కూడా ఉంది దానికి. పెద్ద హ్యాండిలుతో తిప్పితే లోపల ట్యాపు పడే కష్టం చేతికి తెలియదు. కీతో తిప్పితే ట్యాపు కంటే ముందు వేళ్ళే నొప్పిపుడతాయి కాబట్టి, ట్యాపు విరిగే ప్రసక్తే లేదు. రూతత్త కీ పట్టిన తర్వాత మా షెడ్డులో ట్యాపు విరిగితే అది నాయన విరగ్గొట్టిందే. అలాంటి కీ ఇంకొకటి చేస్తానని నాయన మూడు సాయంత్రాలు ఆకురాయి పట్టి ఒకటి చేశాడు. దాంతో ట్యాపూ తిరగలేదు, గడియారమూ తిరగలేదు. జేజి దాన్ని తోటకూర మళ్ళో కర్రకి కట్టి పిట్టల్ని బెదిరించడానికి వాడింది.

అప్పటినుంచీ మా ఇంట్లో కీ కోసం యుద్ధం. జేజి దాన్ని మొలతాడుకి కట్టుకునేది, తలకింద పెట్టుకునేది, బియ్యం డబ్బాలో దాచేది. రూతత్త బియ్యం చెరుగుతాననేది. ఉన్నట్టుండి తన మీద పడ్డ ఈ ప్రేమకి జేజి మొదట్లో పొంగిపోయింది, "రూతు ఈమధ్య నా కాళ్ళు కూడా పిసకతా ఉండాది" అని పాస్టరమ్మగారికి చెప్పుకుంది కూడా. కాళ్ళు పిసికితే మొలతాడు దగ్గరపడుతుందని తర్వాత తెలిసింది.

ఇదంతా ఎంత నవ్వులాటగా ఉన్నా జేజికి లోపల దిగులుండేది. రూతత్తకి ఇరవై దాటాయి. రెండు సంబంధాలు వచ్చి వెనక్కి పోయాయి. మొదటివాళ్ళు గోళ్ళల్లో నలుపు చూసి పోయారు. రెండోవాళ్ళకి కాఫీలో కిరసనాయిలు వాసన వచ్చిందట. మూడో సంబంధం పాస్టరయ్యగారు తెచ్చారు. బిట్రగుంటలో రైల్వే గుమాస్తా, పేరు దేవదానం, క్వార్టర్సు ఉంది, తల్లి సంతోషమ్మగారు తప్ప ఎవరూ లేరు. జేజి రూతత్తని వసారాలో నిలబెట్టి నాముందే చెప్పింది.

"ఇది గినా తప్పిపోయిందో, షెడ్డుకి తాళమేస్తా. మీ అన్న చేసుకుంటే బజార్లో చేసుకోని. నువ్వు ఆ గడప తొక్కేది లేదు. నా మాటంటే మాటే."

"కుదిరితేనో?" అంది రూతత్త.

"కుదిరితే బిట్రగుంట పోతావు. ఆడ షెడ్డేందే నీకు?"

ఆ మధ్యాహ్నం రూతత్త నన్ను వొళ్ళో కూర్చోబెట్టుకుని తల దువ్వుతూ, "ఎటుపోయినా నా షెడ్డు పోతా ఉండాది గదే పాపా" అంది.  ఆమెకి పెళ్ళంటే ఇష్టం లేక కాదు. ఆ పని లేకుండా తన రెండు చేతులూ ఏం చేసుకోవాలో ఆమెకి తెలియదు. నాకు ఆ వయసులోనే అది అర్థమయింది, అర్థమయి ఏడుపొచ్చింది. ఏడిస్తే కడుపునొప్పనుకుని జేజి ఆముదం పట్టింది.

పెళ్ళిచూపుల రోజు వచ్చింది. జేజి తెల్లవారుజామునుంచీ కజ్జికాయలు చేస్తోంది. వాళ్ళు మూడింటికి వస్తారని కబురు. మధ్యాహ్నం భోజనాలయ్యాక జేజి రూతత్త గోళ్ళు నిమ్మచెక్కతో, తర్వాత ఇటుకపొడితో, తర్వాత తిట్లతో తోమింది. పట్టుచీర కట్టింది. మల్లెపూలు పెట్టింది. మాకు బంగారం లేదు కాబట్టి పాస్టరమ్మగారు తన రెండు బంగారు గాజులు ఎరువిచ్చారు. అవి రెండూ కుడిచేతికే తొడిగి, కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి అద్దమిచ్చి, "కదిలినావంటే చంపుతా" అని జేజి వంటింట్లోకి పోయింది.

అప్పటికే షెడ్డులో పెంచలరెడ్డిగారి ఇంజన్ దిగివుంది. ఆయనది మా ఊరికి అవతల పొలం. నారుమడి ఎండిపోతోందని పొద్దున్నే బండిమీద ఇంజన్ తెచ్చి, "ఇయ్యాల పెళ్ళిచూపులు, రేపు రా రెడ్డీ" అని నాయన ఎంత చెప్పినా వినకుండా డ్రమ్ము మీద కూర్చున్నాడు. ఫ్లైవీలు వెనక, ఆయిల్ పంపుని పట్టుకుని ఉండే బోల్టు మర పోయింది. ఫ్లైవీలంటే బండిచక్రమంత ఇనప చక్రం, బండిచక్రానికి ఉన్నట్టే ఆకులుంటాయి, మధ్యనుంచి అంచుదాకా కమ్మీలు. దాన్ని ఊడదీయాలంటే నలుగురు మనుషులు, ఒక రోజు. నాయన ఉండబట్టలేక ఆకుల మధ్యనుంచి చెయ్యి దూర్చాడు. వేళ్ళు మాత్రమే పోయాయి. సరే, పొడుగ్గొట్టం తీశాడు. ట్యాపుని దాంతో తిప్పుతుంటే గీర్ మని ఒక చప్పుడొచ్చింది. అది ట్యాపు ఇంకొంచెంలో విరుగుతుందనే చప్పుడు. లోపల కుర్చీలో రూతత్తకి వినబడింది. మనిషి చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టు మెలికలు తిరిగింది.

లేచి గడియారం వంక చూసింది. ఒంటిగంటన్నర. ఇంకా బోలెడు టైముంది. కీ ఆమె దగ్గరే ఉంది, పోయిన వారం పెంచలరెడ్డి తమ్ముడి ఇంజన్‌కి వాడి, ఆదివారం జేజి అడిగితే "ఇస్తాలే అమ్మా" అని ఇవ్వడమే మర్చిపోయింది. జేజి కజ్జికాయల గొడవలో పడి తనూ మర్చిపోయింది. అంచేత కీ ఇవ్వని గడియారం అలిసిపోయి ఒంటిగంటన్నరకే ఆగిపోయిందని ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆగిన గడియారం చూసుకున్న గుడి గంటవాడు గంట కొట్టలేదు. గంట మోగలేదు కాబట్టి జేజి, ఇంకా మూడు కాలేదని, స్నానానికి పోయింది. నిజానికి అప్పటికి మూడు దాటింది.

రూతత్త పట్టుచీర మోకాళ్ళదాకా ఎగగట్టి, అద్దం నాకిచ్చి, ఫ్లైవీలు ముందు మోకాళ్ళమీద కూర్చుని, చెంప చక్రానికి ఆనించి, చెయ్యి భుజందాకా ఆకుల మధ్యకి పంపించింది. వేళ్ళతో తడుముకుని ట్యాపు పట్టుకుంది, కీ తొడిగింది. "అన్నా, నువ్వట్టా జరుగు. ఊపిరి కూడా ఇడవబాక" అంది. నాలుగు చుట్లు తిప్పిందో లేదో, చెయ్యి వెనక్కి లాగబోతే రాలేదు. బంగారు గాజు పోయి లోపల ఏదో కడ్డీకి తగులుకుంది. గాజుగాజులైతే పగలగొట్టేవాళ్ళం. పాస్టరమ్మగారి బంగారాన్ని ఏం చెయ్యగలం? చక్రం రవంత తిప్పుదామా అంటే అత్త చెయ్యి ముందు తిరుగుతుంది. సరిగ్గా అప్పుడు వీధిలో బండి ఆగింది.

పాస్టరయ్యగారు ముందు దిగారు. వెనక తెల్లచీరలో సంతోషమ్మగారు. పేరుకే సంతోషమ్మ, ఆమె నవ్వగా చూసినవాళ్ళు బిట్రగుంటలో లేరని తర్వాత తెలిసింది. ఆమె వెనక దేవదానం, తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, కొంగలా సన్నగా పొడుగ్గా ఉన్నాడు. జేజి తడి జుట్టుతో బయటికి వచ్చి, ఖాళీ కుర్చీ చూసి, నన్ను చూసి, నా చూపు షెడ్డు వైపు పోవడం చూసి, అంతా గ్రహించింది. కానీ తొణకలేదు.

"కూసోండమ్మా. పిల్ల లోపల మోకాళ్ళ మీదుండాది. ప్రార్థన చేసుకుంటా ఉండాది" అంది.

"మంచిది" అంది సంతోషమ్మగారు, మొదటిసారి కొంచెం మెత్తబడి.

షెడ్డులోంచి కేక వినబడింది. "అన్నా! ఆముదం పొయ్యి! ఇంకా పొయ్యి! చాల్లేదు!"

పాస్టరయ్యగారు కండువా సవరించుకుని, "అదేం ప్రార్థనమ్మా?" అన్నారు నెమ్మదిగా.

ఇక దాచేదేముంది, అందరూ షెడ్డులోకి వచ్చారు. పెంచలరెడ్డిగారు డ్రమ్ము దిగి, పెళ్ళికూతురి తండ్రిలాగా తువ్వాలుతో బల్ల దులిపి, "రాండి రాండి, కూసోండి. పాప చెయ్యి ఇరుక్కోనుండాది, ఏమనుకోబాకండి. రవంత సేపే" అన్నాడు. రూతత్త తల తిప్పి నమస్కారం పెట్టాలనుకుంది, ఒక్క చెయ్యే బయటుంది, అది నుదుటికి పెట్టింది. పోలీసు సెల్యూటు లాగా కుదిరింది. పాస్టరయ్యగారికి ఇవేవీ పట్టలేదు. ఆయన పాలిపోయిన ముఖంతో చక్రం చుట్టూ తిరుగుతూ, "గాజులు? గాజులుండాయా లోపల? రెండూ ఉండాయా?" అంటున్నారు.

గాజు ఎక్కడ తగులుకుందో చూడాలంటే సందులో అద్దం పెట్టాలి. నా చెయ్యి పొట్టి. నాయన చెయ్యి లావు. పాస్టరయ్యగారి చెయ్యి వణుకుతోంది. అందరి కళ్ళూ దేవదానం చేతుల మీద పడ్డాయి. ఆయన నోరు తెరిచి ఏమీ అనకుండానే నాయన అద్దం చేతిలో పెట్టేశాడు. దేవదానం తెల్ల ప్యాంటుతో ఆ నూనె నేలమీద మోకాళ్ళూని, రెండోవైపు ఆకుల్లోంచి అద్దం దూర్చాడు.

"కనబడిందా?" అన్నాడు నాయన.

"కనబడిందన్నా" అంది రూతత్త. "గాజు కడ్డీకి తగులుకోనుండాది." తర్వాత అద్దం పట్టుకున్న మనిషి ఎవరన్నది కూడా చూడకుండా, "ఇదిగో, రవంత ఎడమకి తిప్పు. ఇంకా. ఆఁ, ఆడ్నే పట్టుకో. మర కనబడతా ఉండాది" అని గాజు సంగతి వదిలేసి ట్యాపు తిప్పడం మొదలుపెట్టింది.

"గాజు తియ్యవే!" అని జేజి పళ్ళు నూరింది.

"తీస్తాలేమ్మా. సగంలో వదిలేస్తే మర పాడైపోతాది. మళ్ళీ ఇంత బాగా ఎప్పుడు కనబడతాది?"

సంతోషమ్మగారు బల్లమీద నిటారుగా కూర్చుని ఇదంతా చూసింది. మా వాళ్ళల్లో పెళ్ళిచూపులంటే పిల్లచేత ఒక కీర్తన పాడించాలి. ఆమె పద్ధతి తప్పే మనిషి కాదు. "పాటొచ్చునా?" అని అడిగింది, షెడ్డూ చక్రమూ ఏమీ లేనట్టు.

"వచ్చునమ్మా. చెయ్యి మాత్రం ఆపలేను" అంది రూతత్త.

పాట ఎత్తుకుంది. మంచి గొంతు. కానీ చేతికి, గొంతుకి వేరువేరు లెక్కలు ఆమెకి చాతకాలేదు. ట్యాపు సగం చుట్టు ముందుకి పోయినప్పుడు పాట ముందుకి పోయింది, పావు చుట్టు వెనక్కి వచ్చినప్పుడు పాట కూడా వెనక్కి వచ్చి, పాడిన చివరి మాటనే మళ్ళీ అందుకుంది. గట్టి ఇనుము తగిలితే ఒకే మాట దగ్గర మూలుగుతూ ఆగేది, పొట్టు రాలగానే గబగబా రెండు మాటలు పోయేది. పెంచలరెడ్డిగారు హిందువు, ఆయనకి కీర్తన తెలియదు, ఇలాగే పాడతారు కాబోలనుకుని డ్రమ్ము మీద దరువు వేస్తూ, వెనక్కి వచ్చినప్పుడల్లా తనూ వెనక్కి వచ్చాడు. పాస్టరయ్యగారు అలవాటుకొద్దీ కళ్ళుమూసుకుని గొంతు కలిపి, వెంటనే గాజులు గుర్తొచ్చి కళ్ళు తెరిచారు. నాలుగు చరణాల పాట ఎప్పటికీ తెమల్లేదు. నేను నవ్వు ఆపుకోలేక జేజి చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను. జేజి మాత్రం నవ్వలేదు. ఆమె సంతోషమ్మగారి ముఖమే చూస్తోంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. అంతవరకూ నాకు ఆటలాగే ఉంది. జేజిని చూశాక భయమేసింది.

మూడో చరణం మధ్యలో ట్యాపు అడుగుదాకా దిగింది. రూతత్త దాన్ని వెనక్కి తిప్పి తీసి, అవతలి ఆకుల్లోంచి దేవదానం అందించిన బోల్టు పెట్టి బిగించి, అప్పుడు గాజు విడిపించుకుంది. నాయన ఆముదం సీసా మొత్తం ఆమె భుజమ్మీద ఒంపాడు. చెయ్యి జర్రుమని వచ్చేసింది, గాజులు రెండూ జారి పాస్టరయ్యగారి ఒళ్ళో పడ్డాయి. ఆయన అక్కడికక్కడే స్తోత్రం చెప్పారు. పెంచలరెడ్డిగారు ఇంక ఎవరి అనుమతీ అడక్కుండా నాయనతో కలిసి చక్రం తిప్పాడు. ఇంజన్ రెండుసార్లు తుమ్మి, డుగ్గు డుగ్గుమని అందుకుని, మొదటి పొగంతా సంతోషమ్మగారి తెల్లచీర మీదికి వదిలింది.

నాయన ఇంజన్ ఆపాడు.  సంతోషమ్మగారు లేచి, చీర చూసుకుని, కొడుకు ప్యాంటు చూసి, "పోదాం పా" అంది. జేజి గోడకి ఆనుకుంది. రూతత్త తల వంచుకుని చేతినుంచి ఆముదం కారుతుంటే అలాగే నిలబడింది. షెడ్డు గోడలవైపు ఒకసారి చూసింది. పొద్దుటికల్లా ఇక్కడ తాళం పడుతుందని ఆమెకి తెలుసు, నాకూ తెలుసు.

దేవదానం లేవలేదు. మోకాళ్ళమీదే ఉన్నాడు, అద్దం ఇంకా చేతిలోనే ఉంది. "ఉండమ్మా" అన్నాడు. అంతసేపటికి మేము విన్న మొదటిమాట అదే. "నేను ఇంతసేపు అద్దం పట్టుకుంటే ఈమె నన్ను ఒక్కసారి గూడా చూళ్ళేదు. బోల్టు బిగించినాక చూసింది. అద్దంలోనే. చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు రోజూ గావాల."

సంతోషమ్మగారు కొడుకుని తేరిపార చూసింది. పాస్టరయ్యగారు సందు దొరికిందని, "అమ్మా రూతూ, నీ ఇష్టమేందో చెప్పు" అన్నారు.

రూతత్త తల ఎత్తింది. "ఇష్టమే అయ్యగారూ. కానీ నేను ఈ పని ఇడిచిపెట్టలేను. ఇడిచిపెట్టి వస్తానని అబద్ధం చెప్పి రాలేను" అంది.

జేజి కళ్ళు మూసుకుంది. దేవదానం తల్లి వైపు తిరిగి, "క్వార్టర్సు వెనక వరండా ఖాళీనే గదమ్మా" అన్నాడు.

"ఖాళీ యాడ? నా మేకలుండాయి ఆడ" అంది సంతోషమ్మగారు.

"మేకల్ని చెట్టుకింద కట్టేస్తా."

"వానొస్తేనో?"

పెళ్ళి కుదరడానికీ కుదరకపోవడానికీ మధ్య ఇప్పుడు రెండు మేకలు నిలబడ్డాయి. పెంచలరెడ్డిగారు గొంతు సవరించుకున్నాడు. "నా ఇంజన్ ఆడించింది ఈ పాప. మేకలకి నేను పాక ఏపిస్తా. తాటాకు నాది, కూలి నాది. నా నారు బతికిందమ్మా తల్లీ, నువ్వు గూడా ఒప్పుకో" అన్నాడు. సంతోషమ్మగారు చీర మీద మసి దులుపుకుని, "పాకకి తలుపుండాల" అంది. అదీ ఆమె ఒప్పుకోవడం.

ఈమధ్య మా అన్నయ్య కొడుకు వరసయ్యే కుర్రాడొకడు ఫోనులో చూపించాడు, ఇరుకు సందుల్లో మర కొయ్యడానికి ఇప్పుడు ఎన్ని రకాలో. ముందుకీ వెనక్కీ వాటంతట అవే తిరిగేవి, పాములా వంగేవి, చివర లైటు వెలిగేవి, రంగురంగుల పెట్టెల్లో పడుకుని ఉన్నాయి. అవి చూస్తే నాకు అసూయ పుట్టింది, రూతత్త తరఫున. ఒక్కటి ఆ రోజుల్లో ఆమె చేతికి అంది ఉంటే ఎంత మురిసేదో. కానీ అన్ని పనిముట్లుండీ మా మోటారు కుర్రాడు మోకాళ్ళు దులుపుకుని లేచిపోతున్నాడు. అతని తప్పేం లేదు. కొత్తది కొంటే తక్కువలో పోతుందంటాడు, నిజమే కావచ్చు. మా రోజులన్నీ బంగారమని నేననను. ఆ రోజుల్లో ఆడపిల్ల తన పని తాను చేసుకోవడానికి రెండు మేకల దయ కూడా కావాల్సి వచ్చింది. కానీ ఒక మనిషి నారుమడి కోసం ఇంకో మనిషి చెంప ఇనుముకి ఆనించి కూర్చోవడం నేను కళ్ళారా చూశాను, దాన్ని మాత్రం తక్కువ చెయ్యలేను.

పెళ్ళయ్యాక రూతత్తని అత్తగారింట్లో దించడానికి నాయన, జేజి, నేను బిట్రగుంట వెళ్ళాం. సారె బుట్ట జేజి తనే మోసింది. రైల్లో ఒళ్ళోనే పెట్టుకుంది, నాయనని కూడా తాకనివ్వలేదు, అరిసెలు విరిగిపోతాయంది. రెండుచోట్ల ఆగి రొప్పింది. అరిసెలు అంత బరువుంటాయా అని నాయన ఆశ్చర్యపోయాడు. పెళ్ళి జరిగినంతసేపూ రూతత్త ఏడవలేదు. గుడిలో ఏడవలేదు, బండెక్కుతూ ఏడవలేదు, జేజికి అదో కొరత, జనం ఏమనుకుంటారోనని.

క్వార్టర్సు ముందు కాలనీ ఆడవాళ్ళు చేరారు సారె చూడ్డానికి. సంతోషమ్మగారు బుట్ట మీది గుడ్డ తీసింది. పైన అరిసెలు. అరిసెల కింద అరిటాకు. అరిటాకు తీస్తే, మర పోయిన ఆయిల్ పంపులు, ఇనప బ్రాకెట్లు, ఒక్కోదానికి పాతగుడ్డ పీలికతో ముడి, ఏ రైతుదో గుర్తుగా ఒక్కో రంగు. కాలనీ ఆడవాళ్ళు నోళ్ళు తెరిచారు. సంతోషమ్మగారు ఒక పంపు ఎత్తి పట్టుకుని, తలకిందులు చేసి చూసి, వరండా వైపు చూపించింది.

"ఎర్ర గుడ్డది ముందు చెయ్యి" అంది జేజి కూతురితో, ఎవరి ముఖమూ చూడకుండా. "మీ అన్న చేతులు పట్టట్లేదంట. శనివారం నేనే వచ్చి తీసకపోతా. మళ్ళీ వారం వేరేవి తెస్తా. ఆ పై వారం గూడా."

రూతత్త ఎర్ర గుడ్డ పంపుని రెండు చేతుల్లోకి తీసుకుని, దాన్ని గుండెకి ఆనించుకుని, అప్పుడు ఏడ్చింది. కాలనీ అంతా వినబడేలా ఏడ్చింది. జేజి కొంగు తీసి, ముందు పంపు మీద పడ్డ నీళ్ళు తుడిచి, తర్వాత కూతురి కళ్ళు తుడిచింది.

"దాని మీద ఏడవబాకే, తుప్పు పడతాది" అంది.